ఏడో మెషిన్, మొదటి షిఫ్ట్

బుచ్చిబాబు రాసిన కోడులో మానస మార్చవలసింది నిజానికి ఒక్క మాట. మూడు షిఫ్టులున్న చోట నాలుగోది చేర్చాలి. ఆ ఒక్క మాట కోసం సోమవారం ఉదయం పదిన్నరకు కూర్చున్న మనిషి, గురువారం మధ్యాహ్నానికి కూడా అదే కుర్చీలో, అవే ఎర్రటి అక్షరాల ముందు కూర్చుని ఉంది. ఈ ఫైలు ఏ రకానిదో తెలియడం లేదు, దీన్ని చదవగల లోడర్ ఏదైనా కావాలి, అంటోంది ఫైళ్లన్నింటినీ కలిపి మూట కట్టే వెబ్‌ప్యాక్. లోడర్ పెడితే ఇంకేదో అంటోంది.

వాళ్ల ఆఫీసు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్ మీద రెండో అంతస్తులో ఉంది. కింద అట్టలు కోసే మిషన్ నడుస్తున్నంతసేపూ టేబుల్ మీద నీళ్ల గ్లాసు సన్నగా వణుకుతూ ఉంటుంది. పనిచేసేది పదకొండు మంది. చిన్న ఆసుపత్రులకు కావలసిన సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఉప్పల్‌లోని ఒక డయాలసిస్ సెంటర్‌కు రాసినది వాటిలో ఒకటి. ఆ సెంటర్‌లో ఎనిమిది మెషిన్లు, రోజుకు మూడు షిఫ్టులు. ఏ పేషెంటు ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ మెషిన్ మీద కూర్చోవాలో ఆ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. చూడడానికి బస్సులో సీట్ల పట్టికలా ఉంటుంది కానీ, తప్పు జరిగితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. హెపటైటిస్ ఉన్నవాళ్లకు వేరే మెషిన్ ఉండాలి. వాళ్లు కూర్చున్న దాని మీద ఇంకొకరిని ఎట్టి పరిస్థితిలోనూ కూర్చోబెట్టకూడదు.

అందుకే ఆరేళ్ల కిందట బుచ్చిబాబు పట్టుబట్టి ఆ భాగాన్ని మాత్రం అందరూ రాసే జావాస్క్రిప్టులో కాకుండా, ఎల్మ్ అనే ఫంక్షనల్ భాషలో రాశాడు. అప్పటికి మానస ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఆలేరు నుంచి వచ్చిన పిల్ల, నోరు విప్పి సందేహం అడగడానికే భయపడేది. ఆయన తన పక్కన కుర్చీ వేయించి చెప్పేవాడు.

"ఇది మొండి భాష మానసా. ఒక్క సందర్భం మర్చిపోయినా కంపైలర్ ఆగిపోతుంది, కదలనంటే కదలదు. ఇక్కడ మనకు అలాంటిదే కావాలి. ఎందుకంటే మనం మర్చిపోతాం."

బ్రౌజర్‌కు మాత్రం జావాస్క్రిప్ట్ తప్ప మరొకటి తెలియదు. అంచేత ఆ భాషలో రాసిన ఫైళ్లను ముందు కంపైలర్ జావాస్క్రిప్టుగా మార్చాలి, ఆ తర్వాత మిగతా ఫైళ్లతో కలిపి వెబ్‌ప్యాక్ లాంటి బండ్లర్ మూట కట్టాలి. ఎల్మ్ ఫైలు కనబడితే లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా కంపైలర్‌కు అప్పగించమని బండ్లర్‌కు చెప్పే కాన్ఫిగ్, అంటే సెట్టింగుల ఫైలు, ఒకటి ఉండాలి. అది బుచ్చిబాబు ల్యాప్‌టాప్‌లో ఉండేది. ఆయన తన దగ్గరే మూట కట్టి, తయారైన ఫైలును తెచ్చి సర్వర్‌లో పెట్టేవాడు. ఇంకెవరికీ ఆ పని పడలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం హబ్సిగూడ సిగ్నల్ దగ్గర, కారు స్టీరింగ్ మీదనే ఆయన తల వాల్చేశాడు. పక్షవాతం. యాభై ఒక్కేళ్ల మనిషి. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట పోయాయి.

రెండు వారాల తర్వాత, ఆఫీసు నడిపే రాఘవేంద్ర ఆ ల్యాప్‌టాప్‌ను మానస టేబుల్ మీద పెట్టి అడిగాడు. "ఇది కొత్తగ వచ్చేటాయనకు ఇద్దామనుకుంటున్న. ఇందుల మనకు గావాల్సినవి ఏమన్న ఉన్నయా?"

మానస కంపెనీ సర్వర్‌లో చూసింది. ఎల్మ్ ఫైళ్లు వరసగా కనబడ్డాయి. తయారైన ఫైలు కూడా ఉంది. "అన్నీ ఉన్నయి సార్," అంది. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయిపోయింది. ఆ మాట అన్నది తానేనని ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు.

"ఇంక గదేనా?" గురువారం సాయంత్రం రాఘవేంద్ర వెనక నుంచి స్క్రీన్‌లోకి వంగి చూశాడు.

"కోడు పాత వెర్షన్‌ది సార్. దానికి పాత కంపైలరే గావాలె. పాతది పెడితే లోడర్ కుదుర్తలేదు. లోడర్ పాతది పెడితే వెబ్‌ప్యాక్ ఒప్పుకుంటలేదు."

"ఒక్క మాట మార్చేదానికి నాలుగు దినాలా? ఒకటో తారీఖు నాలుగో షిఫ్ట్ షురూ అని ఆడ బోర్డు గూడ పెట్టిన్రు. తొమ్మిది మంది వెయిటింగ్‌ల ఉన్నరట. నేనేం జెప్పాలె వాళ్లకు?"

రాఘవేంద్ర చెడ్డవాడు కాదు. కాసేపు నిలబడి, "టీ తాగినవా?" అని అడిగి వెళ్లిపోయాడు. అతనికీ చేయగలిగింది ఏమీ లేదని ఆ ప్రశ్నలోనే తెలిసిపోయింది.

శుక్రవారం ఆమె పద్ధతి మార్చింది. ఆఫీసు కంప్యూటర్ మీద ఉన్న కొత్తవాటినన్నింటినీ పక్కనపెట్టి, ఆరేళ్ల కిందటి వెర్షన్లతోనే ఒక వేరు గది కట్టినట్టు కట్టింది. పాత నోడ్, దాని మీద నడిచే పాత వెబ్‌ప్యాక్, పాత లోడర్, పాత కంపైలర్. ఏది ఏ నెలలో వచ్చిందో తేదీలు చూసి ఒక్కొక్కటీ పెట్టింది. ఎల్మ్ ఫైళ్లను ఏ లోడర్‌కు ఇవ్వాలో, ఏ ఫోల్డర్లను వదిలెయ్యాలో కాన్ఫిగ్‌లో నాలుగు లైన్లు రాసి ఎంటర్ నొక్కింది. భోజనాల వేళకు ఎర్ర అక్షరాలు పోయాయి. కంపైలర్ మేలుకుంది. మేలుకుని, మర్యాదగా ఒక మాట చెప్పింది. "నియమాలు" అనే మాడ్యూల్ కోసం నేను వెతికాను, నాకు ఎక్కడా కనబడలేదు.

మానస సర్వర్ అంతా గాలించింది. ఉన్న ఫైళ్లన్నీ ఆ మాడ్యూల్‌ను పిలుస్తున్నాయి, ఆ మాడ్యూల్ మాత్రం లేదు. బుచ్చిబాబు దాన్ని విడిగా ఇంకో ఫోల్డర్‌లో, తన ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకున్నాడు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టకూడదో చెప్పే నిబంధనలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు అసలు గుండెకాయ అదే. ఫిబ్రవరి సాయంత్రం పోయింది ఆ ఫైలు.

లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుంది. అద్దంలో చూసుకోవాలనిపించలేదు.

మిగిలిన దారి ఒకటే. తయారైన ఫైలు సర్వర్ మీద ఉంది కదా, దానిలో ఆ నిబంధనలు జావాస్క్రిప్టుగా మారి ఉండాలి. కానీ అది కుదించిన ఫైలు. అక్షరాలన్నీ ఒకే లైనుగా అతుక్కుపోయి, పేర్లన్నీ పొట్టిగా మారిపోయి ఉంది. పేషెంటు అన్న మాట లేదు, మెషిన్ అన్న మాట లేదు. ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, మధ్యలో అంకెలు. దాన్ని విడదీసి, ఏ అక్షరం వెనక ఏముందో ఊహించి, "నియమాలు" ఫైలును మళ్లీ తన చేత్తో రాయడం మొదలుపెట్టింది. కంపైలర్ ఒక సాయం చేసింది. పోయిన ఫైలులో ఏ పేరుతో ఏముండాలో, దానికి ఏమి ఇస్తే ఏమి తిరిగి రావాలో మిగతా ఫైళ్లను బట్టి చెప్పేది. లోపల ఏముండేదో మాత్రం దానికీ తెలియదు.

బుధవారానికి ఆమె రాసిన ఫైలు కంపైల్ అయింది. సరిగ్గా ఉందో లేదో చూడడానికి గత ఏడాది మొత్తం పేషెంట్ల వివరాలను పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ ఇచ్చి, రెండూ ఇచ్చిన పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చింది. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. పాత ఫైలు ఏడో నంబర్ మెషిన్‌ను మొదటి షిఫ్టులో ఎప్పుడూ, ఎవరికీ ఇవ్వలేదు. మిగతా రెండు షిఫ్టుల్లో ఇచ్చేది. ఉదయం ఆరు నుంచి పది దాకా మాత్రం ఏడాదంతా ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

వెతికితే ఆ లైను దొరికింది. ఆ కుదించిన ముద్దలో ఎక్కడో, ఏడు, ఒకటి, అబద్ధం. కోడు భాషలో అబద్ధమంటే కుదరదని. అంతే. ఎందుకో చెప్పే మాట ఒక్కటి లేదు. రాసి ఉన్నా, కుదింపులో అలాంటి మాటలు మిగలవు. ఆ లైనును ఉన్నదున్నట్టు తన ఫైలులోనూ రాసింది.

మరునాడు మానస ఉప్పల్ వెళ్లింది. సెంటర్, బస్ డిపో దాటాక లోపలి సందులో, మందుల దుకాణం పైన ఉంది. టెక్నీషియన్ మహిపాల్ ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఎప్పుడూ నవ్వుమొహం.

"ఏడో నంబరా?" అని ఆలోచించాడు. "గది పొద్దుగాల ఖాళీగనే ఉంటది మేడం. మీ సాఫ్ట్‌వేర్ల రాదు గదా, అందుకే ఖాళీగ వెట్టుకుంటున్నం."

"మీరే వద్దని చెప్పిన్రేమో అనుకుంటున్న నేను."

"మేమా? అయ్యో, మేమెందుకు వద్దంటం! సాఫ్ట్‌వేర్ల ఏదో హిసాబ్ ఉంటది అనుకున్నం. ఒకటి స్టాండ్‌బై ఉండాలని గిట్ల పెట్టిన్రేమో అని మా సిస్టర్లు అంటుంటరు. కానీ స్టాండ్‌బై మాకు వేరే ఉన్నది, లోపల."

మహిపాల్ ఆ సెంటర్‌లో చేరి ఏడాదిన్నర. అంతకు ముందున్న టెక్నీషియన్ మస్కట్ వెళ్లాడు, అతని పాత నంబర్ పనిచేయడం లేదు. డాక్టర్ కూడా పోయిన ఏడాది మారారు. ఏడో మెషిన్ అయితే రెండేళ్ల కిందట పాతది తీసేసి కొత్తది పెట్టారు. నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఏడో పాయింటే చిట్టచివరిదని మహిపాల్ చూపించాడు. రాత్రంతా నిలవ ఉన్న నీళ్లు పొద్దున్నే అక్కడికి వస్తాయని అప్పట్లో భయపడ్డారేమో. లేకపోతే అంతకు ముందున్న పాత మెషిన్‌లో ఏదైనా లోపం ఉండేదేమో. ఏదైనా కావచ్చు. అసలు పొరపాటున పడిన లైనే కావచ్చు.

వెయిటింగ్ కుర్చీల్లో ఒక పెద్దాయన వీళ్ల మాటలు వింటున్నాడు. ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. మానస మెట్ల వైపు వెళ్లబోతుంటే చెయ్యెత్తి పిలిచాడు.

"బిడ్డా, పేర్లు రాసే కంప్యూటర్ నీదేనా?"

ఆయన పేరు హన్మయ్య. జవహర్‌నగర్‌లో ఉంటాడు. నాచారంలో ఇరవై ఏళ్లు హమాలీ పని చేశాడట. వారానికి మూడుసార్లు రెండు బస్సులు మారి పెద్ద దవాఖానాకు పోయి, అక్కడ వంతు వచ్చేదాకా పగలంతా కూర్చుంటున్నాడు. ఇక్కడ నాలుగో షిఫ్టులో ఇస్తామంటే పేరు రాయించుకోవడానికి వచ్చాడు.

"నాలుగోది రాత్రి పదకొండున్నరకు అయిపోతదట. గప్పుడు జవహర్‌నగర్‌కు బస్సు యాడిది బిడ్డా? డయాలిస్ అయినంక నిలవడితే కండ్లు తిరుగుతయి నాకు. మా అల్లుడు పొద్దుగాల పాల ట్రాలీ దోల్కొని ఉప్పల్‌కే వస్తడు, అయిదింటికి. గా బండి మీద ఎక్కి వస్త. పొద్దుగాలది ఏదన్న జూడు."

"పొద్దుగాల అన్నీ నిండినయి తాతా."

"ఏడు నంబరు ఖాళీ అంటున్నరు గద ఇప్పుడు మీరు?"

మానస మహిపాల్ వైపు చూసింది. మహిపాల్ గోడ వైపు చూశాడు.

"అది... అడిగి చెప్త," అంది. ఎవరిని అడుగుతావని ఆ ముసలాయన అడగలేదు. "జర యాది వెట్టుకో బిడ్డా," అన్నాడు అంతే.

అడగడానికి ఒక్క మనిషే ఉన్నాడు. ఆదివారం ఉదయం మానస స్నేహపురి కాలనీకి స్కూటీ మీద బయలుదేరింది. బుచ్చిబాబు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక్కసారి చూసి వచ్చింది, అది ఫిబ్రవరి. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ప్రతి ఆదివారం వెళ్దామనుకుని, ఏదో పని అడ్డం వేసుకుని మానేసింది. ఇప్పుడు అవసరం పడి వెళ్తోంది. అది ఆయన భార్య ఉమక్కకు తెలియకుండా ఉండదు. సంచిలో ల్యాప్‌టాప్ ఉంది మరి.

ఉమ తలుపు తీసింది. "వచ్చావా మానసా, రామ్మా," అంది మామూలుగా, నిన్ననే వచ్చి వెళ్లిన మనిషితో అన్నట్టు. ఆమె తార్నాకలోని ఒక పరిశోధన సంస్థలో లైబ్రేరియన్, ప్రస్తుతం సెలవులో ఉంది. బాగా చిక్కిపోయింది.

బుచ్చిబాబు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది, ఇస్త్రీ చొక్కా. కుడి చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టి ఉంది. మానసను చూడగానే ఆయన మొహం ఎంత వెలిగిపోయిందంటే, ఆమెకు తలెత్తడం కష్టమైంది.

"రేపు!" అన్నాడు గట్టిగా. "రేపు, రేపు!"

"ఆ ఒక్క మాటే వస్తోంది," అంది ఉమ. "ఏది చెప్పబోయినా అదే. అన్నం కావాలన్నా అదే, నన్ను పిలవాలన్నా అదే. కూర్చో, కాఫీ తెస్తాను."

మానస ఆఫీసు సంగతులు చెప్పింది. నాలుగో షిఫ్టు గురించి, వెబ్‌ప్యాక్ తనను ఏడిపించిన తీరు గురించి. లోడర్ మాట రాగానే ఆయన నవ్వాడు. సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గబగబా ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందున్న చిన్న బల్ల మీద పెట్టింది. తాను మళ్లీ రాసిన "నియమాలు" ఫైలు చూపించింది. ఆయన ఎడమ చేత్తో స్క్రీన్‌ను మెల్లగా కిందికి జరుపుతూ పోయాడు. కళ్లు లైను వెంట లైను కదులుతున్నాయి. ఒక చోట ఆగాడు. చూపుడువేలు పెట్టి రెండుసార్లు కొట్టాడు.

ఏడు, ఒకటి. అదే లైను.

"అదే సార్! అదే అడుగుదామని వచ్చిన. ఏడో మెషిన్ మొదటి షిఫ్ట్‌ల ఎందుకు వద్దన్నరు? ఎందుకు సార్?"

ఆయన కుర్చీలో కొంచెం నిటారుగా జరిగాడు. పాత రోజుల్లో ఏదైనా పెద్ద సంగతి చెప్పే ముందు అలాగే జరిగేవాడు.

"రేపు," అన్నాడు. "రేపు రేపు, రేపు... రేపు? రేపు రేపు రేపు."

మానస వింటోంది. గొంతు ఆయనదే. ముందు మెల్లగా మొదలై, ఒక కారణం చెప్పినట్టు కాస్త పైకి లేచి, మధ్యలో ఎవరో అడిగిన ప్రశ్నను తానే అడిగి, దానికి జవాబిచ్చి, చివర చిన్నగా హాస్యమాడినట్టు ఆగింది. అంతా చెప్పేశాడు. చెప్పానని ఆయనకు తెలుసు, అర్థమైందా అన్నట్టు కనుబొమలెత్తి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చెప్పడంలో అన్నీ ఉన్నాయి, సంగతి ఒక్కటి లేదు.

"సార్, నేను ఒక్కొక్కటి అడుగుత. అవునంటే తల ఊపుండ్రి, సాలు. పైపు చివర ఉన్నదని, నీళ్ల గురించా?"

ఆయన తల ఊపాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నీళ్ల గురించే గదా? స్టాండ్‌బై కోసం కాదు గదా?"

ఊపాడు.

"అంటే... స్టాండ్‌బై కోసమేనా?"

ఊపాడు.

"పాత మెషిన్ ఖరాబు ఉండెనా?"

ఊపాడు.

"పొరపాటున పడ్డదా సార్? తీసేస్తే ఏం గాదా?"

మళ్లీ ఊపాడు, అంతే నమ్మకంగా. మానస అప్పుడు ఒక పని చేసింది. ఆ తర్వాత చాలా రోజులు దాన్ని తలచుకుని సిగ్గుపడింది.

"మీ పేరు రాఘవేంద్రనా సార్?"

బుచ్చిబాబు తల ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె ఎందుకు అడిగిందో ఆయనకు అర్థమైంది, అందులో అనుమానం లేదు. మెల్లగా మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ ఆ ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

గుమ్మంలో ఉమ కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

"అవునని ఊపడం తేలికటమ్మా," అంది, గ్లాసు మానస చేతికిస్తూ. "కాదని ఊపడం ఇంకా రాలేదు. థెరపీ అమ్మాయి చెప్పింది, దానికి టైము పడుతుందని."

"తప్పు జేసిన అక్కా. అట్ల అడగొద్దుండె."

"మేమంతా అడిగినవాళ్లమే. మొదటి నెలలో నేనూ అడిగాను, నేనెవరినని."

మానస గ్లాసు పట్టుకుని కూర్చుంది. కాఫీ తాగబుద్ధి కాలేదు, వద్దనడానికీ మనసు రాలేదు. "సార్ ల్యాప్‌టాప్ ఫార్మాట్ జేసింది నా మాట మీదనే అక్కా. అన్నీ ఉన్నయి అన్న. సరిగ చూడలే."

"అందులో ఏముందో నాకూ తెలియదు కదమ్మా," అంది ఉమ. అది క్షమించడమో, ఊరుకోబెట్టడమో మానసకు తెలియలేదు.

వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకోబోతే బుచ్చిబాబు ఎడమ చెయ్యి దాని అంచును పట్టుకుని ఉంది. లాగితే వదల్లేదు. ఉమ వచ్చి, చిన్నపిల్లల వేళ్లు విప్పినట్టు ఒక్కో వేలూ విప్పింది.

సోమవారం మానస మొత్తం రాఘవేంద్రకు చెప్పింది. అతను విని, సెంటర్ డాక్టర్‌కు ఫోను చేశాడు. సాయంత్రానికి డాక్టర్ నుంచి మెయిల్ వచ్చింది. స్టాండ్‌బై మెషిన్ వేరుగా ఉందని, నీళ్లను రోజూ మొదటి షిఫ్టుకు ముందే పరీక్ష చేస్తున్నామని, ఏడో మెషిన్ కండిషన్ బాగుందని, ఉదయం వాడుకోవడానికి తమకు ఏ అభ్యంతరమూ లేదని.

"ఇంకేంది? రాసిచ్చిన్రు గదా. తీసెయ్," అన్నాడు రాఘవేంద్ర.

"సార్ ఆ లైన్ మీద వేలు పెట్టి చూపించిన్రు సార్."

"తీసెయ్యమని చూపెట్టిండో, తియ్యొద్దని చూపెట్టిండో నీకు తెలుసా?"

"తెల్వది."

"నాకూ తెల్వది. డాక్టర్‌కు తెలిసింది డాక్టర్ జెప్పిండు. మనం ఎంతని ఆగుదం మానసా? ఆడ మనుషులు బస్సులల్ల తిరుగుతున్నరు."

ఆ రెండూ నిజాలే. మానస సీటులోకి వచ్చి ఆ లైను తీసేసింది. కంపైల్ చేసింది. నాలుగో షిఫ్టు చేర్చినప్పుడు అదే కంపైలర్ ఆమెను పదమూడు చోట్ల ఆపింది. ఇక్కడ నాలుగోది మర్చిపోయావు, అక్కడ మర్చిపోయావు, అని ఒక్కొక్కటీ పట్టుకుని చూపించింది. ఈ లైను తీసేసినప్పుడు మాత్రం మారు మాట్లాడలేదు. రెండు సెకన్లలో పచ్చ అక్షరాలు వచ్చాయి. వెబ్‌ప్యాక్ బుద్ధిగా మూట కట్టి ఇచ్చింది. రెండు వారాలుగా ఆ పచ్చ అక్షరాల కోసమే కూర్చున్న మనిషి, వాటిని చూస్తూ కూడా ఏమీ సంతోషపడలేదు.

ఒకటో తారీఖు, సోమవారం ఉదయం ఆరు కాకముందే ఆమె ఉప్పల్ సెంటర్‌లో ఉంది. రమ్మని ఎవరూ అడగలేదు. హన్మయ్య అప్పటికే ఏడో మెషిన్ పక్కన కుర్చీలో వాలి ఉన్నాడు. చొక్కా మీద పాల వాసన. ఆమెను చూసి కుడి చెయ్యి ఎత్తాడు.

"నువ్వే ఇప్పిచ్చినవట గదా బిడ్డా. సల్లగుండు."

మహిపాల్ నీళ్ల పరీక్ష కాగితం తెచ్చి ఆమెకు చూపించాడు, అడక్కుండానే. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. సూదులు పెట్టారు. హన్మయ్య రక్తం పైపులోకి ఎక్కి, గుండ్రంగా తిరుగుతున్న పంపు దాటి, ఫిల్టరులోకి పోయి, మళ్లీ ఆయన చేతిలోకి దిగడం మొదలైంది. మానస ఎదురుగా ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుంది. ఆయన కళ్లు మూసుకుని నిద్రపోయాడు. ఆమె ఆయన ఛాతీ లేచి పడడం చూస్తోంది. మెషిన్ మీద అంకెలు చూస్తోంది. ఏ అంకె ఎంతుండాలో ఆమెకు తెలియదు. తెలియకపోయినా చూస్తోంది.

ఎనిమిది దాటాక మెషిన్ గట్టిగా అరిచింది. మానస స్టూల్ మీద నుంచి లేచి నిలబడింది. మహిపాల్ నింపాదిగా వచ్చి, పైపును వేలితో రెండుసార్లు తట్టి, బటన్ నొక్కాడు.

"లైన్ల గాలి బుడగ. దినానికి ఇరవై సార్లు మొత్తుకుంటది ఇది. ఏం ఫికర్ లేదు." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడం, మీరు గిట్ల కండ్లార్పకుంట చూస్తుంటే నాకు బుగులు వుడుతుంది."

పది గంటలకు అయిపోయింది. హన్మయ్య లేచి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, బీపీ చూపించుకుని, ఇడ్లీ తిని వెళ్లాడు. ఏమీ కాలేదు.

ఆఫీసుకు వచ్చాక మానస ఆ కోడులో, లైను తీసేసిన చోట, తారీఖు వేసి రాసింది. ఏడో మెషిన్ మొదటి షిఫ్టులో వద్దని ఇక్కడ ఒక నిబంధన ఉండేది. డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న మీదట తీసేశాను. అది ఎందుకు పెట్టారో తెలుసుకోలేకపోయాను. కింద తన పేరు పెట్టింది. కొత్త కాన్ఫిగ్, "నియమాలు" ఫైలు, పాత వెర్షన్ల వివరాలతో సహా అన్నీ సర్వర్‌లో పెట్టి, పెట్టినవి నిజంగా ఉన్నాయో లేవో రెండుసార్లు తెరిచి చూసింది.

బుధవారం కూడా వెళ్లి కూర్చుంది. ఏమీ కాలేదు. శుక్రవారం ఆఫీసులో మీటింగ్ ఉండి వెళ్లలేకపోయింది. తొమ్మిదింటికి మహిపాల్‌కు ఫోను చేస్తే, "పండుకున్నడు మేడం, గురక గూడ వెడుతుండు," అన్నాడు.

భయం పోలేదు. ఆ లైను పెట్టిన కారణం ఎప్పుడో తీరిపోయిందా, లేక ఇంకా రాని రోజు కోసం పెట్టారా అన్నది తెలిసే దారి ఆమెకు లేదు. మరుసటి సోమవారం ఆరింటికి మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు సూదులు పెడుతుంటారు, మహిపాల్ చేతులు ఖాళీగా ఉండవు. పది దాకా ఆగుదామనుకుంది.